ఇంట్లో కుక్క, ఒళ్ళో పసికందు: తరచుగా అడిగే ప్రశ్నలు

కాన్పు దగ్గరపడుతున్నవాళ్ళు, అప్పుడే బిడ్డను ఇంటికి తెచ్చుకున్నవాళ్ళు నన్ను ఎక్కువగా అడిగే ప్రశ్నలివి. నేను పశువైద్యురాలిని కాను. ఎనిమిదేళ్ళ కుక్క ఉన్న ఇంటికి పసిబిడ్డను తెచ్చుకుని, మొదటి ఏడాది కొన్ని సరిగ్గా, కొన్ని తప్పుగా చేసినదాన్ని. ఆ తప్పులు కూడా ఇందులో ఉన్నాయి.

బిడ్డ పుట్టడానికి ఎంత ముందు నుంచి కుక్కను సిద్ధం చేయాలి?

మూడు నాలుగు నెలల ముందు మొదలుపెడితే హడావుడి ఉండదు. చాలా కుక్కలకు అసలు కష్టం బిడ్డతో కాదు, రోజు తలకిందులు కావడంతో. పొద్దున్నే నడక, టైముకు తిండి, రాత్రి మంచం మీద మీ కాళ్ళ దగ్గర చోటు. ఇవన్నీ ఒక్క రోజులో పోయి, సరిగ్గా ఆ రోజే ఇంట్లోకి కొత్త ప్రాణి ఒకటి వస్తే, ఆ రెండింటికీ ముడిపెట్టడానికి కుక్కకు పెద్ద తెలివేం అక్కర్లేదు.

కాబట్టి ఎలాగూ మారబోయేవాటిని ముందే మార్చేయండి. మంచం ఎక్కనివ్వకూడదనుకుంటే ఇప్పుడే మాన్పించండి. నడకకు తీసుకెళ్ళే మనిషి మారబోతుంటే ఆ మనిషితో ఇప్పటి నుంచే పంపండి. తిండి టైమును అప్పుడప్పుడూ అరగంట అటూ ఇటూ చేయండి, ఎందుకంటే బిడ్డ వచ్చాక గడియారం మీ మాట వినదు. బేబీ గేటు పెట్టాలనుకుంటే అదీ ముందే పెట్టి, దానికి అవతల ఉండటం మామూలు విషయమేనని అలవాటు చేయండి.

నేర్పాల్సినవాటిలో ఒక్కటే ఎంచుకోమంటే నేను "నీ చోటుకు వెళ్ళు" అన్నది ఎంచుకుంటాను. ఆ మాట అనగానే తన పరుపు మీదికి వెళ్ళి పడుకోవాలి, వెళ్ళినందుకు ఏదైనా తినడానికి దొరకాలి. చుట్టిన దుప్పటినో బొమ్మనో బిడ్డలా ఎత్తుకుని ఇది ప్రాక్టీసు చేయండి. ఇంట్లో వాళ్ళు నవ్వుతారు, నవ్వనివ్వండి. ఒక చేతిలో ఏడుస్తున్న బిడ్డ, ఇంకో చేతిలో తడి గుడ్డ ఉన్న రోజున ఆ ఒక్క మాటే మిమ్మల్ని కాపాడుతుంది.

ఇంకో పని, వెటర్నరీ డాక్టరుకు ఒకసారి చూపించడం. టీకాలు, పురుగుల మందు, పిడుదుల మందు సరే, వాటితో పాటు కీళ్ళు, పళ్ళు, చెవులు కూడా చూడమనండి. నొప్పితో ఉన్న కుక్కకు ఓపిక తక్కువ. ముసలి కుక్కలో "ఈ మధ్య చిరాకు పెరిగింది" అని మనం అనుకునేది చాలాసార్లు తుంటి నొప్పో, పంటి నొప్పో అవుతుంది.

పసిపిల్లల ఏడుపు రికార్డింగు ముందే వినిపించడం మంచిదేనా?

మంచిదే, కానీ పద్ధతి ఉంది. మీకే సరిగ్గా వినపడనంత తక్కువ సౌండుతో మొదలుపెట్టండి. అది నడుస్తుండగా కుక్కకు ఇష్టమైనది తినిపించండి, ఏడుపు ఆగగానే తిండీ ఆపండి. కొన్ని రోజుల మీద సౌండు కొద్దికొద్దిగా పెంచాలి. చెవులు వెనక్కి వాల్చినా, లేచి అటూ ఇటూ తిరిగినా, తిండి వద్దన్నా మీరు తొందరపడ్డట్టు. ఒక మెట్టు దిగండి. మొదటి రోజే ఫుల్ సౌండుతో వినిపిస్తే అలవాటుకు బదులు భయం నేర్పినట్టవుతుంది.

ఆసుపత్రి నుంచి బిడ్డ వాసన ఉన్న బట్ట ముందుగా ఇంటికి పంపాలంటారు. నిజంగా పనిచేస్తుందా?

నష్టం లేదు. పెద్ద లాభం ఉందని మాత్రం నేను అనుకోను. మన ముక్కులో వాసన పట్టే గ్రాహకాలు 50, 60 లక్షలుంటే కుక్క ముక్కులో 20 కోట్లకు పైనే ఉంటాయి. తలుపు తీయకముందే దానికి సగం సంగతి తెలిసిపోతుంది. పంపితే దూరం నుంచి వాసన చూడనివ్వండి. దాన్ని బొమ్మలా నోట కరుచుకుని ఆడనివ్వకండి.

మొదటి రోజు ఇంట్లోకి ఎలా రావాలి?

బాలింత ముందు బిడ్డ లేకుండా ఒంటరిగా లోపలికి రావాలి. కుక్క రోజుల తరబడి ఎదురుచూసింది ఆమె కోసం. ఎగిరి, దూకి, ఏడ్చి, దాని సంబరం అది తీర్చుకున్నాక (కుట్లు ఉంటే కుర్చీలో కూర్చుని పలకరించండి, మీద పడనివ్వకండి) ఇంకొకరు బిడ్డను తీసుకురావచ్చు. అప్పటికే దాన్ని బయట నడిపించి అలసిపోయేలా చేసి ఉంటే ఇంకా మంచిది.

ఆ రోజే పరిచయం చేసి తీరాలన్న రూలేమీ లేదు. మేం చేసిన మొదటి తప్పు అదే. మా బంటీని పట్టుకొచ్చి, "చూడు, చెల్లి" అంటూ పాప మొహం దగ్గర దాని మూతి పెట్టి ఫోటో తీశాం. ఆ ఫోటో ఇప్పుడు చూస్తే దాని తల ఒక పక్కకు తిరిగి ఉంటుంది, కంటి తెల్లగుడ్డు అంచున కనబడుతుంది, చెవులు వెనక్కి ఉంటాయి. అప్పుడు మాకు కనబడింది ముద్దొచ్చే ఫోటో మాత్రమే.

బెల్టు కట్టి, వదులుగా పట్టుకుని, గదికి ఆ చివర నుంచి చూడనిస్తే చాలు. దగ్గరికి రావాలనుకుంటే కాళ్ళ వైపు నుంచి, రెండు మూడు సెకన్లు వాసన చూడనిచ్చి, పేరు పెట్టి వెనక్కి పిలిచి ఏదైనా పెట్టండి. రానంటే బలవంతం వద్దు.

కుక్కకు అసూయ ఉంటుందా?

మనిషి అసూయ లాంటిదేనా అన్నదాని మీద ఇంకా వాదన నడుస్తోంది. 2014లో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం, శాన్ డియాగో పరిశోధకులు 36 కుక్కల మీద ఒక ప్రయోగం చేశారు. యజమాని ఒక బొమ్మ కుక్కను ముద్దు చేస్తుంటే నిజం కుక్కలు మధ్యలో దూరడం, యజమానిని తోయడం, ఆ బొమ్మ మీదికి వెళ్ళడం ఎక్కువగా చేశాయి. యజమాని పుస్తకం చదువుతున్నప్పుడు అంత పట్టించుకోలేదు.

పేరు ఏదైనా, ఇంట్లో జరిగేది ఇది. బిడ్డ నిద్రపోగానే పాపం అని కుక్కను దగ్గరికి తీసి ముద్దు చేస్తాం. బిడ్డ లేవగానే "పో, అవతలికి పో" అంటాం. మన లెక్కలో ఇది న్యాయమే. కుక్క లెక్కలో మాత్రం బిడ్డ మేలుకుంటే నాకు వెలి, బిడ్డ లేకపోతే నాకు పండగ. నేర్పాల్సింది దీనికి సరిగ్గా తిరగేసి. పాలిచ్చేటప్పుడు పక్కన ఒక డబ్బాలో దాని బిస్కెట్ ముక్కలు పెట్టుకోండి. దూరంగా ప్రశాంతంగా పడుకున్నప్పుడల్లా ఒకటి విసరండి. బిడ్డ ఏడ్చినప్పుడు "మంచివాడివి" అని ఓ మాట అనండి. మంచివన్నీ బిడ్డ ఉన్నప్పుడే జరుగుతాయని దానికి అర్థమవ్వాలి. ఇది రెండు వారాలు చేస్తే వచ్చే తేడా పది తిట్లతో రాదు.

బిడ్డ ఏడ్చినప్పుడల్లా మా కుక్క గదిలో అటూ ఇటూ తిరుగుతుంది, కూస్తుంది. ఎందుకు?

ఆ ఏడుపు దాన్నీ కదిలిస్తుంది కాబట్టి. న్యూజిలాండ్‌లోని ఒటాగో విశ్వవిద్యాలయంలో చేసిన ఒక అధ్యయనంలో పసిబిడ్డ ఏడుపు వింటే మనుషులతో పాటు కుక్కల్లోనూ కార్టిజాల్ అనే ఒత్తిడి హార్మోను పెరిగింది. మామూలు బిడ్డ కేరింతలకు పెరగలేదు. అంటే మీకు టెన్షన్ వస్తున్నప్పుడు దానికీ వస్తోంది, పైగా దానికి కారణం తెలియదు, చేయగలిగిందీ లేదు.

తిట్టకండి. వేరే గదిలోకి వెళ్ళే దారి తెరిచి ఉంచండి, అక్కడ నమలడానికి ఏదైనా పెట్టండి. సాయంత్రం పూట గంటల తరబడి ఏడ్చే బిడ్డ అయితే ఆ టైములోనే ఎవరైనా కుక్కను నడకకు తీసుకెళ్తే ఇద్దరికీ, నిజానికి ముగ్గురికీ, ఊపిరాడుతుంది.

దానికి ఇబ్బందిగా ఉందని ఎలా తెలుసుకోవాలి?

ఈ పేజీలో ఒక్క జవాబే చదివే తీరిక ఉంటే ఇది చదవండి.

"ఏ హెచ్చరికా లేకుండా కరిచింది" అని అందరూ అంటారు. చాలాసార్లు హెచ్చరిక ఉంటుంది, మనం దాన్ని వేరే పేరుతో పిలుస్తాం. నిద్ర రాకపోయినా ఆవులిస్తుంది. ఎదురుగా తిండి లేకపోయినా నాలుకతో ముక్కు నాకుతుంది. ముఖం పక్కకు తిప్పుకుంటుంది. తడవకపోయినా ఒళ్ళు దులుపుకుంటుంది. ముందరి కాలు ఒకటి ఎత్తి పట్టుకుంటుంది. ఇవన్నీ "నాకు కొంచెం కష్టంగా ఉంది" అనడం. ఒక్కసారి ఆవులిస్తే కంగారు పడనక్కర్లేదు, కానీ బిడ్డ దగ్గరికి వచ్చినప్పుడల్లా ఆవులిస్తుంటే అది నిద్ర కాదు.

ఆ తర్వాతవి ఇంకొంచెం గట్టివి: లేచి వెళ్ళిపోవడం, తోక కడుపు కిందికి ముడుచుకోవడం, తల తిప్పకుండా కళ్ళు మాత్రమే తిప్పి తెల్లగుడ్డు కనిపించేలా చూడటం. అన్నింటికన్నా భయపడాల్సింది బిగుసుకుపోవడం. ఆడుతున్న తోక ఆగిపోతుంది, నములుతున్న నోరు ఆగిపోతుంది, ఊపిరి బిగబట్టినట్టు ఒక్క క్షణం శిలలా నిలబడుతుంది. "చూడండి, ఎంత బుద్ధిగా కదలకుండా ఉందో" అని జనం మురిసిపోయే క్షణం ఇదే. అప్పుడు అరవకుండా, మామూలు గొంతుతో దాన్ని పిలిచి దూరం చేయండి.

తోక ఊపితే సంతోషమే అన్నది కూడా సగం నిజం. ఒళ్ళంతా వదులుగా, నడుముతో సహా ఊగుతుంటే సంతోషం. ఒళ్ళు బిగదీసుకుని, తోక పైకి నిలబెట్టి, చిన్నగా వేగంగా ఊపుతుంటే అది వేరే సంగతి.

గుర్రుమంది. కొట్టాలా, తిట్టాలా?

రెండూ వద్దు. గుర్రుమనడం దాని నోట ఉన్న చివరి మర్యాదైన మాట. దాన్ని కొట్టి మాన్పిస్తే కోపం పోదు, మాట మాత్రం పోతుంది. ఇంకోసారి గుర్రుమనకుండా నేరుగా కరుస్తుంది. వెంటనే బిడ్డను ఎత్తుకుని దూరం జరగండి. ఏం జరుగుతుండగా గుర్రుమందో రాసుకోండి: తింటోందా, నిద్రలో ఉందా, మూలకు ఇరుక్కుందా, మీ పక్కన సోఫా మీద ఉందా? ఆ పరిస్థితి మళ్ళీ రాకుండా చూడటం మొదటి పని. రెండోసారి గుర్రుమంటే వెటర్నరీ డాక్టరు దగ్గరికి, అవసరమైతే కుక్కల ప్రవర్తన తెలిసిన నిపుణుల దగ్గరికి వెళ్ళండి.

మా కుక్క చాలా సాధువు. ఒక్క నిమిషం వదిలి బాత్రూముకు వెళ్ళొచ్చా?

వద్దు. బిడ్డను తీసుకెళ్ళండి, లేదా మధ్యలో తలుపు వేయండి. చిన్నపిల్లలను కరిచేవి వీధి కుక్కలు మాత్రమే కావు, వాళ్ళకు బాగా తెలిసిన కుక్కలు కూడా. పసిపిల్లల విషయంలో ఆ గాయాలు తల మీద, మొహం మీద పడతాయి. పైగా కరవాల్సిన పని కూడా లేదు. పాతిక కిలోల కుక్క ప్రేమగా పక్కన పడుకున్నా మూడు కిలోల బిడ్డకు ఊపిరాడదు. బిడ్డ నిద్రపోయే చోటికి కుక్క రాకూడదు, రాత్రి అయినా పగలైనా.

అలాగే ఒకే గదిలో ఉన్నా ఫోను చూసుకుంటూ ఉంటే చూస్తున్నట్టు కాదు.

ఉయ్యాల కింద పడుకుని ఎవర్నీ దగ్గరికి రానివ్వడం లేదు. కాపలా కాస్తోందా?

కాస్తూ ఉండొచ్చు, కానీ గర్వపడాల్సిన విషయం కాదు. చూడటానికి వచ్చిన బంధువు మీద గుర్రుమనే కుక్క బిడ్డను ప్రేమగా కాపాడుతోందో, ఎముక ముక్కను కాపాడుకున్నట్టు తనదని కాపాడుకుంటోందో బయటికి ఒకేలా కనబడుతుంది. ఇవాళ చుట్టం, రేపు నానమ్మ, ఆ తర్వాత బిడ్డను ఎత్తుకోబోయే మీరు. దాని పడక ఉయ్యాల నుంచి దూరంగా మార్చండి. కాపలా పని దాని నెత్తిన పెట్టకండి, మెచ్చుకోకండి.

బిడ్డను రెప్ప వేయకుండా చూస్తూ ఉంటుంది. ఇది మామూలేనా?

మామూలు కుతూహలం అయితే చూస్తుంది, వాసన చూస్తుంది, మీ వైపు చూస్తుంది, వెళ్ళి పడుకుంటుంది. పిలిస్తే వస్తుంది. అది కాకుండా, తల వంచి, ఒళ్ళు బిగించి, పిలిచినా చూపు తిప్పకుండా ఉంటే, బిడ్డ కదిలినా కీచుమన్నా వణుకుతూ ఉయ్యాల మీదికి ఎగబడుతుంటే, అది వేట బుద్ధి కావచ్చు. సన్నని గొంతు, ఎగిరిపడే చేతులు, చుట్టిన గుడ్డ: కొన్ని కుక్కలకు ఇది మనిషిలా అనిపించదు. ఎలుకనో ఉడుతనో వెంటాడే అలవాటున్నవాటిలో ఇంకా జాగ్రత్తగా ఉండాలి. ఇందులో కోపం ఉండదు కాబట్టి గుర్రుమనడమూ ఉండదు. కుక్కనూ బిడ్డనూ ఆ రోజే తలుపు అడ్డంగా విడదీసి, నిపుణులకు ఫోన్ చేయండి. అలవాటవుతుందిలే అని ఎదురుచూడాల్సిన విషయం కాదిది.

బిడ్డను నాకితే ప్రమాదమా?

మొహం, చేతులు, బొడ్డు నాకనివ్వకండి. బొడ్డు ఎండి ఊడటానికి మామూలుగా 1 నుంచి 3 వారాలు పడుతుంది, అప్పటిదాకా అది పచ్చి పుండు లాంటిదే. ఆరోగ్యంగా ఉన్న కుక్క నోట్లో కూడా పాశ్చురెల్లా, కాప్నోసైటోఫాగా లాంటి బ్యాక్టీరియా ఉంటుంది. పెద్దవాళ్ళకు అరుదుగా తప్ప ఏమీ కాదు, కానీ పసిబిడ్డకు రోగనిరోధక శక్తి ఇంకా తయారవుతూ ఉంటుంది. ఏలికపాముల గుడ్లు మట్టి నుంచి, కుక్క ఒంటి నుంచి చేతులకు రావచ్చు. అందుకే పురుగుల మందు టైముకు వేయించాలి, కుక్కను ముట్టుకున్న చేయి కడుక్కోవాలి. పొరపాటున ఒకసారి పాదం నాకిందనుకోండి, సబ్బుతో కడిగేస్తే సరిపోతుంది. రాత్రంతా నిద్ర మానుకోనక్కర్లేదు.

కుక్క ఉన్న ఇంట్లో పిల్లలకు జబ్బులు ఎక్కువ వస్తాయా?

ఫిన్లాండ్‌లో 397 మంది పిల్లలను పుట్టినప్పటి నుంచి ఏడాది పాటు గమనించి, 2012లో పీడియాట్రిక్స్ పత్రికలో ఫలితాలు వేశారు. కుక్క ఉన్న ఇళ్ళ పిల్లలకు శ్వాసకోశ ఇన్ఫెక్షన్లు, చెవి ఇన్ఫెక్షన్లు తక్కువగా వచ్చాయి, యాంటీబయాటిక్స్ అవసరమూ తక్కువే పడింది. అలాగని జలుబు తగ్గుతుందని కుక్కను తెచ్చుకోమని కాదు. ఇంట్లో ఎవరికైనా ఆస్తమా, ఎలర్జీ ఉంటే పిల్లల డాక్టరును అడగండి.

డైపర్లు లాక్కెళ్ళి చింపుతోంది. ఏం చేయాలి?

మూత గట్టిగా పడే డబ్బా కొనండి, అంతే. కుక్కకు అది చెత్త కాదు, విందు. కానీ డైపరులో తడిని పీల్చే జెల్ కడుపులో ఉబ్బి పేగుకు అడ్డం పడొచ్చు. ముక్క మింగిందని అనుమానం వస్తే, వాంతులు మొదలయ్యే దాకా ఆగకుండా వెటర్నరీ డాక్టరుకు చెప్పండి.

పాప పాకడం మొదలుపెట్టింది. ఇన్నాళ్ళూ బాగానే ఉన్న కుక్క ఇప్పుడు తప్పించుకు తిరుగుతోంది.

అసలు పరీక్ష ఇప్పుడే. అన్ని జాగ్రత్తలూ మొదటి నెలలో తీసుకుని, ఆరో నెల వచ్చేసరికి "అలవాటైపోయారులే" అని వదిలేస్తాం. అప్పటిదాకా బిడ్డ ఉంచిన చోట ఉండేది. ఇప్పుడు తనంతట తానే వస్తుంది, చెవి పట్టుకుని లేస్తుంది, గిన్నెలో చేయి పెడుతుంది, నిద్రపోతున్న కుక్క మీద పడుతుంది. కుక్క మొదట చేసేది లేచి వెళ్ళిపోవడం. అది చాలా మంచి పని, దాన్ని సాగనివ్వండి. వెళ్ళడానికి చోటు లేకపోతేనే పళ్ళు చూపిస్తుంది.

అందుకే పాప చేరలేని ఒక మూల దానికి తప్పకుండా ఉండాలి. తిండి గిన్నె, నమిలే ఎముకలు పాప తిరిగే నేల మీద ఉండకూడదు. కీచుమనే బొమ్మలు కుక్కవి, పాపవి ఒకేలా ఉంటే ఎవరిది ఎవరిదో కుక్కకు ఎలా తెలుస్తుంది? పాప చేయి పట్టుకుని, అరచేతితో మెల్లగా నిమరడం మీరే నేర్పాలి. "ఎంత పీకినా ఏమీ అనదు" అని వచ్చినవాళ్ళకు చూపించుకునే ఇళ్ళు ఉన్నాయి. పాపం ఆ కుక్క అలా ఎన్నాళ్ళు ఊరుకుంటుందో.

చిక్కం అలవాటు చేయమని నిపుణులు చెబితే చిన్నతనంగా అనుకోకండి. నోరు తెరిచి రొప్పడానికి, నీళ్ళు తాగడానికి వీలయ్యే బుట్ట రకం తీసుకుని, తిండి పెడుతూ నిదానంగా అలవాటు చేయాలి. చిక్కం ఉన్నా చూసే మనిషి ఉండాలి.

గోరు గీరుకుంది, లేదా పన్ను తగిలింది. ఇంటి కుక్కే కదా?

ఇంటి కుక్కే అయినా ముందు ఆ చోటును సబ్బుతో, పారే నీళ్ళ కింద 15 నిమిషాలు కడగండి. ఆ రోజే డాక్టరుకు చూపించండి, కుక్క టీకా కార్డు వెంట తీసుకెళ్ళండి. రక్తం రాని గీరుకు కూడా రేబిస్ టీకా అవసరమా అన్నది డాక్టరు తేల్చాలి, మనం కాదు. కుక్కను 10 రోజులు గమనించమంటారు, కట్టేసి దగ్గరే ఉంచుకోండి. గాయం మీద పసర్లు, పొడులు వేయకండి.

అందరూ కుక్కను ఎవరికైనా ఇచ్చేయమంటున్నారు.

కేవలం బిడ్డ పుట్టిందన్న కారణానికే అయితే నేను ఇచ్చేయమనను. చాలా కుక్కలు రెండు మూడు నెలల్లో సర్దుకుంటాయి. కానీ కుక్కను, బిడ్డను తలుపు అడ్డంగా పెట్టి వేరుగా ఉంచగలిగే వీలు ఇంట్లో లేకపోతే, అది ఇప్పటికే కరిచి ఉంటే, లేదా నిపుణులు వద్దంటే, ప్రేమగా చూసుకునే పిల్లల్లేని ఇల్లు వెతకడం ద్రోహం కాదు. కరిచిన సంగతి దాచి ఇవ్వడం ద్రోహం.

నెలలు గడిచినా బిడ్డను అసలు పట్టించుకోవడం లేదు. బెంగ పెట్టుకుందా?

తింటూ, నడకకు ఉత్సాహంగా వస్తూ, మామూలుగా నిద్రపోతుంటే బెంగేమీ లేదు. తిండి మానేసినా, ఒళ్ళు అదే పనిగా నాక్కుంటున్నా డాక్టరుకు చూపించండి. లేదంటే వదిలేయండి, పట్టించుకోకపోవడం కుక్కలకు తెలిసిన మర్యాదల్లో ఒకటి. మా బంటీ ఏడు నెలల దాకా పాప ఉన్న వైపు చూడను కూడా చూడలేదు. ఒకరోజు ఎత్తు కుర్చీలోంచి పాప చేతిలోని బిస్కెట్ జారి కింద పడింది. ఆ రోజు నుంచి తినిపించే టైముకు కుర్చీ కింద సరిగ్గా హాజరు. ఆ టైముకు గేటు వేయాల్సిన పని మాకు కొత్తగా వచ్చిపడింది.